ఇజ్రాయెల్ వలస: కాగితాల మీద మా కుటుంబం

యూదులకు ఇజ్రాయెల్ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయని మా మామగారు తరచూ చెప్పేవారు. ఆ మాట నిజమే. 1950లో ఆ దేశం చేసిన ‘తిరిగివచ్చే హక్కు’ చట్టం ప్రకారం, ప్రపంచంలో ఏ మూలనున్న యూదులైనా అక్కడికి వెళ్లి పౌరసత్వం పొందవచ్చు. అయితే దేశంలోకి రానిచ్చే చట్టం వేరు, వచ్చాక పెళ్లికీ అంత్యక్రియలకీ వర్తించే నియమాలు వేరు. ఈ సంగతి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. భార్యాభర్తల్లో ఒకరే యూదులైన కుటుంబాలు బయలుదేరే ముందే దీన్ని తెలుసుకోవాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టింది కరీంనగర్ జిల్లాలో, పెరిగింది ముంబయిలో. నాన్న వర్లీ దగ్గర బట్టల మిల్లులో పనిచేసేవారు. కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదువుకుని, తర్వాత లెక్కల టీచరునయ్యాను. మా ఆయనది ఠాణే. వాళ్లు బెనె ఇజ్రాయెల్ యూదులు. కొంకణ తీరంలో ఎన్నో తరాలుగా గానుగ నూనె తీసి బతికినవాళ్లు. శనివారం గానుగ ఆపేసేవారు కాబట్టి ఊళ్లో వాళ్లను ‘శనివార్ తేలీ’, అంటే శనివారపు గానుగవాళ్లు అనేవారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, ప్రార్థన చేసేది హీబ్రూలో. మాది ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్లి. నేను మతం మారలేదు, మారమని వాళ్లూ అడగలేదు. అత్తగారు శుక్రవారం సాయంత్రం వెలిగించే దీపాలు, నేను పొద్దున్నే వెలిగించే దీపం ఆ ఇంట్లో ఏ పేచీ లేకుండా వెలిగేవి. పిల్లలు మాత్రం నాన్న మతంలోనే పెరిగారు. అబ్బాయికి పుట్టిన ఎనిమిదో రోజున సున్తీ అయింది. ఇద్దరూ పండగలకు యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌కు వెళ్లేవారు.

మరి ఎందుకు వెళ్లారని మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ అడుగుతారు. భారతదేశంలో యూదులను ఎవరూ తరమలేదు. ఈ మాట మా అత్తగారు ఎక్కడికి వెళ్లినా గర్వంగా చెబుతారు. కానీ ఒకప్పుడు ఇరవై వేలకు పైగా ఉన్న సమాజం ఇప్పుడు ఐదు వేలకు దిగిపోయింది. మా ఆయన బంధువుల్లో సగానికి సగం ఇజ్రాయెల్‌లోని దిమోనా, అష్దోద్, లోద్ పట్టణాల్లో స్థిరపడ్డారు. 2008 నవంబరులో ముంబయి దాడుల సమయంలో నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రంలోకి ఉగ్రవాదులు చొరబడ్డాక అత్తగారి మనసు చెదిరిపోయింది. అన్నిటికీ మించి ఆవిడకు ఒక్కటే కోరిక: మనవరాలికీ మనవడికీ తమవాళ్లలోనే పెళ్లిళ్లు కావాలి. ఇక్కడ సంబంధాలెక్కడ దొరుకుతాయి, అక్కడైతే దేశమంతా మనవాళ్లే కదా అనేవారు. ఆ కోరికతోనే మేం 2013లో బయలుదేరాం. మామగారు అప్పటికే పోయారు.

కాగితాల పని మొదలుపెట్టాక తల ప్రాణం తోకకు వచ్చింది. మా ఆయన యూదుడని రుజువు చేయాలి. అందుకు సినగాగ్ ఇచ్చే ఉత్తరం, అత్తమామల పెళ్లి నాటి కెతూబా, అంటే యూదుల వివాహ ఒప్పందపత్రం, అందరి జనన ధ్రువపత్రాలు, మా పెళ్లి సర్టిఫికెట్టు కావాలి. వాటిలో ప్రభుత్వం ఇచ్చిన ప్రతి పత్రం మీదా ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆ పైన, పత్రం విదేశాల్లో చెల్లడానికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర పడాలి. ఇదంతా తిరిగితే అయ్యే పని. తిరిగినా తెమలనిది పేర్ల చిక్కు. బెనె ఇజ్రాయెల్ వాళ్ల పాత పేర్లు కొంకణంలో కలిసిపోయి రూపం మార్చుకున్నాయి. శామ్యూల్ సమాజీ అయ్యాడు, ఎజెకియల్ హసాజీ అయ్యాడు. ఇంటిపేరేమో పూర్వీకుల ఊరిని బట్టి వస్తుంది. పేణ్ వాళ్లు పేణ్కర్, నవ్‌గావ్ వాళ్లు నవ్‌గావ్కర్. మామగారి తాతగారు బడి రికార్డులో ఒక పేరుతో, సినగాగ్ రిజిస్టరులో ఇంకో పేరుతో, సమాధి రాయి మీద హీబ్రూలో మూడో రూపంలో ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకరేనని మేం నిరూపించాలి. మా ఆయన కొంకణం వెళ్లి, శ్మశానంలో ఆ రాయి మీద పట్టిన నాచు గీకి, అక్షరాలు కనిపించేలా సుద్దముక్కతో రుద్ది ఫొటో తీసుకొచ్చారు. చివరికి పనికొచ్చింది ఆ ఫొటోయే.

వలసకు అర్హత తేల్చే ఇంటర్వ్యూలో నన్నూ కూర్చోబెట్టారు. ఎలా పరిచయమయ్యారు, ఇంట్లో ఏ పండగలు చేస్తారు, పిల్లలను ఎలా పెంచుతున్నారు అని అడిగారు. ఏదీ దాచలేదు. 1970లో ఆ చట్టాన్ని సవరించారని, యూదుల భార్య లేదా భర్త, పిల్లలు, మనవలు, వాళ్ల జీవిత భాగస్వాములు కూడా రావచ్చని, కాబట్టి మా ఇంటిల్లిపాదికీ అర్హత ఉందని అధికారి చెప్పారు. మాకు ఏనుగెక్కినంత సంతోషం. అదే సవరణలో ఇంకో వాక్యం కూడా ఉంది. యూదు తల్లికి పుట్టినవాళ్లు లేదా ఆ మతం స్వీకరించినవాళ్లు, వేరే మతంలో లేకపోతేనే యూదులు అని ఆ వాక్యం చెబుతుంది. అంటే నా పిల్లలు ‘యూదుడి పిల్లలు’గా వస్తున్నారే తప్ప యూదులుగా కాదు. ఆ గదిలో ఎవరూ ఈ తేడా వివరించలేదు. అడగాలని మాకూ తెలియదు.

బెన్ గురియన్ విమానాశ్రయంలో అంతా సజావుగా సాగిందనే చెప్పాలి. వలసదారుల కోసం అక్కడే ఒక కార్యాలయం ఉంటుంది. వలస ధ్రువపత్రం, చేతి ఖర్చులకు కొంత నగదు, ఊరికి వెళ్లడానికి టాక్సీ ఇచ్చారు. నాలుగు ఆరోగ్య సంస్థల్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఆ తర్వాత ఆరు నెలల పాటు నెలనెలా కొంత సొమ్ము బ్యాంకులో పడుతుంది. ఆ డబ్బు బియ్యం, ఉప్పు, పప్పులకు సరిపోతుంది కానీ అద్దెకు చాలదు. అద్దె ఇల్లు దొరకడం మరో యుద్ధం. పన్నెండు నెలల చెక్కులు ముందే రాసివ్వాలి, పైగా ఇద్దరు హామీదారులు సంతకం చేయాలి. అప్పుడే దిగినవాళ్లకు ఎవరు హామీ ఉంటారు? మా ఆయన మేనత్త కొడుకులు ఉన్నారు కాబట్టి అష్దోద్‌లో ఒక చిన్న ఫ్లాటు దొరికింది. చుట్టాలు లేనివాళ్లు మొదట ప్రభుత్వ వసతి కేంద్రంలో ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

కొత్తగా వచ్చినవాళ్లకు ఉల్పాన్ అనే హీబ్రూ తరగతులు ఉచితం. ఆదివారం నుంచి గురువారం దాకా, రోజూ పొద్దున, సుమారు ఐదు నెలలు. మా తరగతిలో రష్యన్లు, ఫ్రెంచివాళ్లు, ఇథియోపియా నుంచి వచ్చిన పెద్దలు ఉండేవారు. అత్తగారు కూడా పట్టుబట్టి చేరారు. మొదటి వారంలో టీచరు ప్రార్థన పుస్తకంలోని పేజీ ఒకటి ఇచ్చి ఎవరైనా చదువుతారా అని అడిగింది. ఆవిడ లేచి నిలబడి, కళ్లజోడు సర్దుకుని, ఒక్క తప్పు లేకుండా, ఠాణే సినగాగ్‌లో విని నేర్చిన రాగంతో చదివారు. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది. అరవయ్యేళ్లుగా నోట నానిన అక్షరాలవి. అదే రోజు సాయంత్రం కూరగాయల దుకాణంలో చిల్లర లెక్క చెబుతుంటే ఒక్క ముక్క అర్థం కాక నా వైపు చూశారు. ఆ చూపు నన్ను కలచివేసింది. దేవుడితో మాట్లాడే భాషలో మనుషులతో మాట్లాడలేకపోవడం ఆవిడకు తీరని కష్టమైంది. రెండు నెలలకే తరగతులు మానేశారు. ఆ వయసువాళ్లకు విడిగా నెమ్మదిగా నేర్పే తరగతి ఒకటి ఉండాల్సింది.

పిల్లలకు భాష ఇట్టే పట్టుబడింది. అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏడాది తిరక్కుండానే కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరం, బడి నోటీసు అన్నీ వాడే చదివి చెప్పేవాడు. చుట్టుపక్కల వాళ్లు ముచ్చటపడేవారు. నాకు ముచ్చట అనిపించలేదు. ఒకసారి అత్తగారిని క్లినిక్‌కు తీసుకెళ్లాం. డాక్టరు కంప్యూటరు చూస్తూ ఏదో చెప్పి, అబ్బాయి వైపు తిరిగి, నానమ్మకు చెప్పు అన్నాడు. వాడి ముఖం పాలిపోయింది. రొమ్ములో గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపాలని ఆ మాటల సారాంశం. అంత చిన్నవాడు ఆ మాట మొదట తను విని, తర్వాత నానమ్మకు మరాఠీలో, నాకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. గడ్డ ప్రమాదకరం కాదని తేలింది. అయినా ఆ రోజు నుంచి ఆస్పత్రికి పిల్లలను వెంట తీసుకెళ్లలేదు. ఫోనులో దుబాసీ సాయం దొరుకుతుందని తర్వాత తెలిసింది. మీరెవరైనా కొత్త దేశానికి వెళ్తుంటే మొదట అడగాల్సినది అదే.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా చెబుతాను, అందరి కథా ఒకటే కాబట్టి. సహకార బ్యాంకులో ఆఫీసరుగా చేసిన మా ఆయన ఓడరేవు దగ్గర గోదాములో సరుకు లెక్కలు రాశారు. నేను పసిపిల్లల కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. చాలా కాలానికి గానీ మళ్లీ నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పే రోజు రాలేదు.

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శనివారం పార్కులో కలిసినప్పుడు తెలుగు మాట వినబడితే ప్రాణం లేచొచ్చేది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె, “అక్కా, నువ్వు పిల్లలతో వచ్చావు. మాకు ఆ వీలు లేదు. మా బిడ్డను ఫోనులోనే పెంచుతున్నాను” అని కన్నీళ్లు పెట్టుకుంది. పనివీసా మీద వచ్చినవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీల్లేదు. మా కష్టాలు చెప్పుకునేటప్పుడు ఆమె మాట నేను మరచిపోను.

ఇక అసలు విషయం. గుర్తింపు కార్డుల కోసం హోం శాఖ కార్యాలయానికి వెళ్లాం. కార్డు మీద మతం కనిపించదు కానీ జనాభా రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరు నకలు చేతికి వచ్చాక కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాం. మా ఆయన, అత్తగారు యూదులు. నేను హిందువును. పిల్లల పేర్ల ఎదుట మతం లేదు. అత్తగారు ఆ కాగితం పట్టుకుని, “నా మనవడికి మతం లేదా?” అని మరాఠీలో అడుగుతూనే ఉన్నారు. కౌంటరులో ఉన్నామె మర్యాదగానే చెప్పింది: పౌరసత్వానికి ఏ లోటూ లేదు, చదువు, వైద్యం, ఓటు అన్నీ అందరిలాగే, పెళ్లి దగ్గర మాత్రమే ఇబ్బంది. ఇజ్రాయెల్‌లో రిజిస్టరు పెళ్లి అనేది లేదు. పెళ్లిళ్లన్నీ ఆయా మతాల సంస్థల చేతుల్లో ఉంటాయి, యూదుల పెళ్లిళ్లు రబ్బీలనే మతగురువుల చేతుల్లో. తల్లి యూదు కాకపోతే వాళ్లు పెళ్లి చేయరు. మాజీ సోవియట్ దేశాల నుంచి వచ్చిన లక్షలాది మందిదీ ఇదే పరిస్థితి అని ఆమె మమ్మల్ని ఓదార్చబోయింది. మనవల పెళ్లిళ్ల కోసమే కడలి దాటి వచ్చిన ఆవిడకు అది ఓదార్పు ఎలా అవుతుంది?

ఈ మాట విని మా ఆయన మేనత్త దిమోనా నుంచి వచ్చారు. ఆవిడ 1960ల మొదట్లో వచ్చినవారు. నాతో ఆవిడ చెప్పింది వింటే ఒళ్లు గగుర్పొడిచింది. ఆ రోజుల్లో బెనె ఇజ్రాయెల్ వాళ్లంతా అసలు యూదులేనా అని అనుమానించారట. వాళ్లెవరైనా పెళ్లికి వెళ్తే తల్లి వైపు, అమ్మమ్మ వైపు వంశాన్ని వెనక్కి తవ్వి పరిశీలించాలని 1962లో ప్రధాన రబ్బీ ఆదేశించారు. దాంతో 1964 వేసవిలో వాళ్లంతా జెరూసలేంలో బైఠాయించారు. పసిపిల్లలతో ఎండలో కూర్చున్నామని మేనత్త చెప్పారు. చివరకు ఆ ఆగస్టులో పార్లమెంటు, బెనె ఇజ్రాయెల్ వాళ్లు అన్ని విధాలా యూదులేనని తీర్మానించింది. అంతకు ముందు 1950ల మొదట్లో బేర్‌షెబాలో వివక్ష భరించలేక నిరసన చేసి ఇండియాకు తిరిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. “మేం గెలిచాం కాబట్టే మీ ఆయనను ఇవాళ ఎవరూ ప్రశ్నించలేదు” అన్నారు మేనత్త. నిజమే. అయినా బస్టాపులో, బడిలో, బ్యాంకులో, ‘ఇండియాలో యూదులున్నారా?’ అనే ప్రశ్న మాకు నేటికీ ఎదురవుతూనే ఉంది.

మేనత్త ఊరికే రాలేదు. మలీదా చేయాలని సంచీ నిండా సామాను తెచ్చారు. ఏలియా ప్రవక్త పేరున బెనె ఇజ్రాయెల్ వాళ్లు చేసే మొక్కుబడి అది. అటుకులు తడిపి, కొబ్బరి తురుము, చక్కెర, యాలకుల పొడి కలిపి పెద్ద పళ్లెంలో కుప్ప పోసి, పైన పళ్లు పేర్చి, పాటలు పాడతారు. మా ఇళ్లలో అటుకులు, బెల్లంతో చేసే ప్రసాదానికి ఎంత దగ్గరో! కొబ్బరి తురిమింది నేనే, నన్ను ఎవరూ పక్కన పెట్టలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరి మతమేమిటని ఎవరికీ సందేహం లేదు.

పరిష్కారంగా అందరూ చూపించే దారి మతస్వీకారం. సుమారు ఏడాది చదువు, వంటిల్లంతా వాళ్ల ఆహార నియమాల ప్రకారం మార్చడం, శనివార నియమాలు పాటించడం, తర్వాత రబ్బీల న్యాయస్థానం ముందు పరీక్ష. భర్త యూదుడే అయినా ఆయన కూడా అంతే నిష్ఠగా ఉన్నట్టు చూపించాలి. నేను చాలా ఆలోచించి వద్దనుకున్నాను. మా అమ్మ నేర్పిన దీపం ఆర్పి, మనసులో లేని ప్రమాణం న్యాయస్థానం ముందు చేయడం రెండు మతాలకూ అపచారమని నా నమ్మకం. మా ఆయన ఒక్కసారి కూడా ఒత్తిడి చేయలేదు. మేమిద్దరం పోయాక పక్కపక్కన ఉండాలంటే మతంతో నిమిత్తం లేని శ్మశానం చూసుకోవాలి. 1996లో దానికి చట్టం చేశారు కానీ అలాంటి చోట్లు తక్కువ. ఆ సంగతి కూడా మాట్లాడుకున్నాం.

పద్దెనిమిదేళ్లు నిండగానే అమ్మాయికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది. రిజిస్టరులో మతం లేకపోవడం అక్కడ అడ్డు రాలేదు. అందరు ఆడపిల్లల్లాగే రెండేళ్లు చేసింది. సైన్యంలోనే ‘నతీవ్’ అనే కోర్సు ఉంటుంది. ఇలాంటి పిల్లలు చదువుకుని మతస్వీకారం చేసుకోవచ్చు. అమ్మాయి ఒప్పుకోలేదు. “నేను పుట్టినప్పటి నుంచీ యూదురాలినే. ఇప్పుడు మారితే ఇన్నాళ్లూ కాదని నేనే ఒప్పుకున్నట్టు” అంది. అబ్బాయి ఆ తర్వాత సైన్యంలో చేరి అదే కోర్సు పూర్తిచేశాడు. నానమ్మ కళ్లలో ఆనందం చూడాలనుకున్నాడు. ఇద్దరి నిర్ణయాలనూ నేను గౌరవిస్తాను. కానీ ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్లు ప్రభుత్వ లెక్కల్లో వేరువేరు వరుసల్లో ఉండడం అన్యాయమని మాత్రం గట్టిగా చెబుతాను. 2023 అక్టోబరులో సైరన్లు మోగి, మేం అత్తగారిని పట్టుకుని ఇంట్లోని రక్షణ గదిలోకి పరుగెత్తినప్పుడు, వాడు సరిహద్దులో ఉన్నాడు. ఆ రోజుల గురించి ఇక్కడ రాయలేను.

తెలుగువాళ్ల కోసం ఒక ముఖ్యమైన మాట. మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకుంటే 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు రాయబార కార్యాలయంలో అప్పగించాలి. తర్వాత, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కార్డుతో రావచ్చు, పోవచ్చు. ఓటు ఉండదు, సాగుభూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వచ్చేదాన్ని మాత్రం ఉంచుకోవచ్చు. రద్దు ముద్ర పడిన నా పాత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చినప్పుడు కౌంటరు దగ్గరే ఏడ్చేశాను. మా అమ్మానాన్నలను నా దగ్గరికి తెచ్చుకునే హక్కు ఆ ‘తిరిగివచ్చే హక్కు’ చట్టం ఇవ్వదు. వాళ్లు చుట్టపు చూపుగా మాత్రమే రాగలరు. అమ్మానాన్నలకు ఒక్కతే కూతురైనవాళ్లు బయలుదేరే ముందు ఈ సంగతి తప్పక ఆలోచించుకోవాలి.

ఇప్పుడు అమ్మాయికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు యూదుడే, వాళ్లమ్మది మొరాకో నుంచి వచ్చిన కుటుంబం. అందరిలాగే వీళ్లూ సైప్రస్ వెళ్తున్నారు. బయట దేశంలో జరిగిన రిజిస్టరు పెళ్లిని ఇక్కడి హోం శాఖ నమోదు చేసుకోవాలని 1960ల నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. లార్నకా పురపాలక కార్యాలయంలో పెళ్లి, ముందు రోజు దిమోనాలో మేనత్త ఇంట్లో మలీదా. అత్తగారు మొదట్లో అలిగినా, ఇప్పుడు ప్రయాణానికి చీర తనే ఎంచుకున్నారు. సైప్రస్ వాళ్లు అమ్మాయి జనన ధ్రువపత్రం, పెళ్లి కాలేదన్న పత్రం అడిగారు. ఠాణే మున్సిపాలిటీ ఇచ్చిన పాత ధ్రువపత్రంలో నా ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా ఉంది, ఇక్కడి కార్డులో ఇంకోలా ఉంది. దిద్దించడానికి మా తమ్ముడు వచ్చే వారం ఠాణే వెళ్తున్నాడు.